ఖాళీ తూటా

శిబిరమునుండి ఇల్లు చేరిన క్యాడెట్టును తండ్రి అడుగునది ఒక్కటే: "ఎన్ని గుండ్లు గుఱికి తగిలినవిరా?" తల్లి అడుగునది వేఱు: "వేళకు అన్నము పెట్టినారా?" రెండును న్యాయమైన ప్రశ్నలే. కాని రైఫిలు పేల్చు మైదానమునందు అధికారి మొదట వ్రాసికొనునదియు, చివర విచారించునదియు ఈ రెండును కావు. ఇచ్చిన తూటాలెన్ని, తిరిగివచ్చిన ఖాళీ తూటాలెన్ని యనునదే అచ్చటి ప్రశ్న. గుఱి తప్పిన బాలుడు నవ్వుకొనుచు ఇంటికి పోవచ్చును. ఖాళీ తూటా ఒకటి తప్పినచో ఎవ్వరును ఇంటికి పోజాలరు. ఈ చిన్న యిత్తడి గొట్టము రైఫిలునుండి ఎట్లు వెలువడునో, దానిని ఎట్లు పట్టి, ఎట్లు లెక్కించి అప్పగింపవలెనో మేము నేర్చికొన్నంత ఇచ్చట వ్రాయుచున్నాము. ఇందు కొంత మా తప్పువలన నేర్చినదియు కలదు.

జాతీయ క్యాడెట్ దళము, అనగా మనమందఱము ఎన్.సి.సి. అని పిలుచు సంస్థ, 1948వ సంవత్సరమున చట్టముచే ఏర్పడినది. తిరుపతియందు దానికొక గ్రూపు కార్యాలయము కలదు. శిబిరములలో బాలబాలికలకు మొదట చేతికిచ్చు ఆయుధము .22 అంగుళపు బోల్టు రైఫిలు. క్యాడెట్టు నేలమీద బోర్లపరుండి, 25 గజముల దూరమున నిలిపిన కాగితపు గుఱిపై సామాన్యముగా అయిదు తూటాలు పేల్చును. ఈ రైఫిలునకు అన్నవంటిది .303 లీ-ఎన్‌ఫీల్డు. అది 1895లో బ్రిటిషు సైన్యమున ప్రవేశించి, తరువాత మన దేశమున వంగదేశపు ఇషాపూరు కర్మాగారమునందు తయారై, చాలకాలము మన పోలీసుల భుజములమీద నుండెను. రెంటికిని తూటాను లోనికి త్రోయుటయు, ఖాళీని వెలికి లాగుటయు మనుష్యుని కుడిచేతి పనియే. మేము చెప్పబోవు విషయమంతయు ఈ ఒక్క సంగతిమీదనే నిలిచియున్నది.

తూటా యనగా ఒక వస్తువు కాదు, నాలుగు వస్తువుల కూర్పు. ముందున్నది సీసపు గుండు. దాని వెనుక ఇత్తడి గొట్టము, గొట్టములో మందు, ఆ మందును అంటించు చిన్న రవ్వమందు. .22 తూటాయందు ఈ రవ్వమందు గొట్టపు అడుగు అంచులోనే చుట్టును దాగియుండును. అందుచేత పేలిన తూటా అడుగున అంచుమీద చిన్న నొక్కుడు గుఱుతు కనబడును. గుండు గుఱివైపు పోవును, మందు మండిపోవును, మిగులునది గొట్టము మాత్రమే. అది వ్యాసమున సుమారు 5.7 మిల్లీమీటర్లు, పొడవున 15 మిల్లీమీటర్లకు కొంచెము పైన ఉండి, అర గ్రామునకు కొంచెము మించి తూగును. .303 గొట్టము దీనికన్న ఎంతో పెద్దది. అది 56 మిల్లీమీటర్ల పొడవుండి సుమారు 11 గ్రాములు తూగును.

ఈ గొట్టము ఎల్లప్పుడును లేదు. 1782 డిసెంబరు 7వ తేదీన చిత్తూరు దగ్గఱ నరసింగరాయనిపేటయందు హైదరాలీ మరణించెను. ఆయన సిపాయిల చేతనుండిన తుపాకులలో మందును గుండును గొట్టపు మూతినుండి కూరి, కఱ్ఱతో దట్టించెడివారు. కాగితపు పొట్లములో కట్టి తెచ్చుకొన్నను ఆ కాగితము చింపి పాఱవేయబడుటయో కాలిపోవుటయో జరుగును గాని, లెక్కించుటకు ఏమియు మిగులదు. లోహపు తూటా వచ్చిన పిదపనే ఈ మిగులుబాటును, దానితో ఈ లెక్కయు వచ్చినవి. పూనా దగ్గఱి కిర్కీయందు 1869లో స్థాపింపబడిన మందుగుండు కర్మాగారము మన దేశమున ఈ పనికి పాతది.

గొట్టమునకు ఇత్తడియే ఎందుకన్న ప్రశ్నకు సమాధానము తెలిసినచో బోల్టును ఎట్లు తెఱవవలెనో సగము తెలిసినట్లే. నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగము కలిపిన ఇత్తడి మెత్తదనమును, సాగి మరల ముడుచుకొను గుణమును కలది. మందు అంటుకొన్న క్షణమున లోపలి ఒత్తిడికి గొట్టము ఉబ్బి, రైఫిలు గదిగోడలకు గట్టిగా అంటుకొని, వాయువు వెనుకకు, అనగా పేల్చువాని కంటివైపునకు, రాకుండ మూతవలె నిలుచును. గుండు బయటికి పోయి ఒత్తిడి తగ్గగానే అదే గొట్టము కొంచెము ముడుచుకొని గోడను విడుచును. ముడుచుకొనని లోహమైనచో అక్కడనే బిగిసిపోవును.

ఇప్పుడు పేల్చువాని పని మొదలగును. బోల్టు పిడిని పైకెత్తినప్పుడు, వాలుగా కోసిన ఉక్కు అంచు ఒకటి బోల్టును బలముగా కొంచెము వెనుకకు జరపి, గదిలో అంటుకొన్న గొట్టమును కదలించును. పిడిని వెనుకకు లాగినప్పుడు బోల్టు తలనున్న చిన్న కొక్కెము గొట్టపు అంచును పట్టి వెలికి తెచ్చును. లీ-ఎన్‌ఫీల్డునందు గొట్టము పూర్తిగా వెనుకకు వచ్చినవెంటనే ఎడమగోడనుండి కొంచెము పొడుచుకొనివచ్చిన చిన్న మరమేకు దాని అడుగునకు తగులును. కుడిప్రక్క కొక్కెము పట్టుకొనియుండగా ఎడమప్రక్క మేకు అడ్డగించుటచే గొట్టము తిరిగి కుడివైపునకు ఎగిరి పడును. .22 రైఫిళ్లలో అమరిక కొంచెము మాఱవచ్చును గాని మార్గము ఇదియే.

ఎగురుటకు బలమెచ్చటిదని అడుగుడు. మేకుది కాదు, కొక్కెముది కాదు. అది మన చేతిది. తనంతట తాను తూటాలు మార్చుకొను తుపాకి ప్రతి గొట్టమును ఒకే వేగముతో, ఒకే వైపున విసరివేయును. బోల్టు రైఫిలు అట్లు కాదు. జాడించి లాగినచో గొట్టము రెండు మూడడుగుల దూరమెగిరి ప్రక్కవాని మెడమీద పడును. నిదానముగా లాగినచో మోచేతిప్రక్కనే జాఱిపడును. ఇంకను నెమ్మదిగా, మేకునకు తగులు చోటికి రాగానే వ్రేళ్లతో పట్టుకొనవచ్చును. సినిమాలలో చూచి మన బాలురు మొదటి పద్ధతినే శౌర్యమనుకొందురు. తొందరగా పేల్చు పోటీయందు తప్ప దానివలన లాభమేమియు లేదు.

అయితే నిదానమునకును ఒక హద్దు కలదు. నెమ్మదిగా లాగుమన్నామని కొందఱు పిల్లలు సగమే లాగి ఆపుదురు. అప్పుడు గొట్టము మేకువఱకు రాదు. కొక్కెమునుండి విడిపోయి దారిలోనే అడ్డముగా పడియుండును. బాలుడు బోల్టును ముందుకు త్రోయగా వెనుకనుండి క్రొత్త తూటా వచ్చి ఖాళీకి తగిలి రెండును ఇఱుకుకొనును. అప్పుడు కంగారుపడి రైఫిలును ప్రక్కకు త్రిప్పి లోనికి తొంగిచూచుట సహజము, అంతకన్న ప్రమాదకరము మఱొకటి లేదు. కాబట్టి మేము నేర్పునది ఇది: వేగము తగ్గింపుము, దూరము తగ్గింపకుము. బోల్టు చివర తగిలి ఆగువఱకు లాగి, ఖాళీ వెలుపల పడుట కంట చూచి, పిదప ముందుకు త్రోయవలెను. ఇఱుకుకొన్నచో మూతి గుఱివైపుననే ఉంచి, చేయి పైకెత్తి ఉస్తాదును పిలువవలెను. శిక్షణనిచ్చు హవల్దారులను క్యాడెట్లు ఉస్తాదులని పిలుచుట పెద్దలకు తెలిసియుండకపోవచ్చునని ఇచ్చట చెప్పుచున్నాము.

నిదానము వలన మఱియొక లాభము కలదు. పేలిన వెంటనే గొట్టము వేడిగా నుండును. రెండు మూడు ఊపిరుల కాలము గదిలోనే యున్నచో ఆ వేడి చుట్టునున్న ఉక్కునకు పోవును. వెంటనే ఎగిరిన గొట్టము ఆ వేడిని తనతోనే తెచ్చును. ఒకమాఱు మా వరుసలో ఒక బాలుడు జాడించి లాగిన ఖాళీ కుడిప్రక్కనున్నవాని తెఱచిన చొక్కామెడలో పడినది. బొబ్బ లేచునంత వేడి కాదది. కాని ఆ బాలుడు ఉలికిపడి, రైఫిలు చేతనే యుండగా, ఎడమకు పొర్లెను. అతని రైఫిలులో అప్పుడు తూటా లేకపోవుట మా అదృష్టమే గాని మా జాగ్రత్త కాదు. నాటినుండి మెడగుండీ పెట్టుకొననిదే, చొక్కాచేతులు మణికట్టువఱకు దింపనిదే ఎవ్వరిని వరుసలో పరుండనీయము. మే నెలలో మన చిత్తూరు ఎండలో ఇది సుఖమైన నియమము కాదు. తల్లిదండ్రులు దీనిని గూర్చి మాకు వ్రాసిన ఫిర్యాదులు కలవు. అయినను ఆ నియమము మానలేదు. వేడి గొట్టము లోపల పడినను ముందు రైఫిలు మూతిని గుఱివైపుననే ఉంచి, నేలమీద పెట్టి, పిదప చొక్కా దులుపుకొనవలెనని పిల్లలచే రైఫిలు లేకుండ పదిమాఱులు అభ్యాసము చేయింతుము. చిన్న మంటను ఒక నిమిషము ఓర్చుట కష్టమే. అలవాటు లేనిదే అది ఆ క్షణమున రాదు.

మన నేలను గూర్చి ఒక మాట. ఎఱ్ఱ గరపనేల, ఎండిన గడ్డి, కాలిక్రింద గులకఱాళ్లు. వేరుసెనగ గింజంత యిత్తడి అందులో పడినచో మధ్యాహ్నపు ఎండలో కనబడనే కనబడదు. అయస్కాంతము తెచ్చి వెదకుదమని ఒక విద్యార్థి మంచి ఉపాయముగా చెప్పెను. ఇత్తడిని అయస్కాంతము ఆకర్షింపదని అతనికి విజ్ఞానశాస్త్రపు గంటలో చెప్పియే యుంటిమి. కాబట్టి నేలమీద పడనీయకుండుటయే మేలు. పేల్చువాని కుడిప్రక్క గట్టి టార్పాలినుగాని, దుప్పటిగాని ముడుతలు లేకుండ పఱచి, అంచులు కొంచెము పైకి మడచి ఱాళ్లు పెట్టవలెను. కుడిప్రక్క కొంచెము వెనుకగా కూర్చున్న తోటి క్యాడెట్టు పడిన ఖాళీలను కంటితో లెక్కించుచుండవలెను. చేయి చాచి పట్టుకొనరాదు. పేల్చు వరుసకు ముందుపడిన దానికొఱకు ఎవ్వరును వ్రేలైనను చాచరాదు. "రుక్ జా" అను ఆజ్ఞ వచ్చి, అందఱి బోల్టులును తెఱచియుంచి, అధికారి చూచిన తరువాతనే ఏరుట.

పేలని తూటా వేఱు. మీట నొక్కినను చప్పుడు రానిచో, మందు ఆలస్యముగా అంటుకొనవచ్చును గనుక, అరనిమిషమైనను మూతిని గుఱివైపుననే పట్టియుండి, పిదప అధికారి ఎదుట బోల్టు తెఱవవలెను. అట్టి తూటా అంచున నొక్కుడు గుఱుతున్నను గుండు ముందుననే యుండును. దానిని ఖాళీలతో కలుపరాదు, జేబులో వేసికొనరాదు. అది నేరుగ అధికారి చేతి డబ్బాలోనికి పోవలెను.

ఇక లెక్క. ఇచ్చినవాని సంఖ్య, ఖాళీలు, పేలనివి, పేల్చక మిగిలినవి కలిపిన సంఖ్య సమానము కావలెను. ఇంత చిన్న యిత్తడికి ఇంత పట్టుదల ఎందుకని అడుగువారు కలరు. ఖాళీ తూటా పేలిన తూటాకు సాక్ష్యము. ఖాళీ కనబడలేదన్నచో ఒక నిండు తూటా ఎవరి జేబులోనైనను ఉండవచ్చునను అనుమానమును తోసివేయుటకు వేఱు మార్గము లేదు. ఆ నిండు తూటా ఇల్లు చేరి, చిన్నపిల్లవాని చేతబడి, ఱాతిమీద పెట్టి కొట్టబడినచో, లేదా పొయ్యిలో పడినచో ఏమగునో చెప్పనక్కఱలేదు.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము నలువదిమంది బాలురతో, మనిషికి అయిదు చొప్పున 200 తూటాలు పేల్పించి, సాయంకాలము ఖాళీలు లెక్కింపగా 199 వచ్చినవి. మరల లెక్కించితిమి. అంతే. దుప్పట్లు దులిపితిమి, వేరుసెనగలు జల్లించు జల్లెడ ప్రక్క పల్లెనుండి తెప్పించి మట్టి జల్లించితిమి, బూట్లు విప్పించితిమి. లారీ రోడ్డుమీద కాచుకొనియుండెను, ప్రొద్దు క్రుంకెను. ఆ వరుసలో ఒక బాలుని తండ్రి పాత యినుము, ఇత్తడి కొని అమ్మువాడు. ఎవరు మొదట అన్నారో ఇప్పుడు చెప్పుట వ్యర్థము, ఆ మాట పెద్దలమైన మా నోటనే పుట్టినది. ఆ బాలుని జేబులు రెండుమాఱులు వెదకితిమి, అతని పెట్టె అందఱియెదుట విప్పించితిమి. అతడు ఏమియు అనలేదు. తీసి చూపిన బట్టలను మరల మడచి పెట్టుకొనెను.

చీకటి పడిన తరువాత, పేల్చు వరుసకు కుడిప్రక్క నిలిచి పర్యవేక్షించిన మాలో ఒకరు చేతులు కడుగుకొనుటకు, మోచేతిపైకి మడచిన చొక్కాచేతిని విప్పగా, ఆ మడతలోనుండి ఇత్తడి గొట్టము రాతిమీద పడి మ్రోగినది. ఆ బాలుని పెట్టె విప్పించినదియు ఆయనయే.

మఱునాడు ఉదయము బాలురందఱి యెదుట జరిగినది చెప్పి, ఆ సాయంకాలము బాలుని ఇంటికి పోయి అతని తండ్రితో చెప్పితిమి. ఆయన కొంతసేపు మాటాడలేదు. పిదప తన అంగడివైపు చూపి, "అయ్యవారూ, సాయంత్రం ఒక్కసారే లెక్క పెడితే తేడా ఎప్పుడొచ్చిందో ఎట్ల తెలుస్తుంది? వచ్చిన గంప వచ్చినట్టే తూచి పక్కన పెట్టాల. అప్పుడు ఎవరినీ అనే పని ఉండదు," అనెను. మా ఎన్నియేండ్ల శిక్షణలోను ఈ మాట మాకు తోచలేదు. నలువదిమంది పేల్చిన పిదప లెక్కించినచో అనుమానము నలువదిమందిమీదను పడును. నలువదింటిలో ఎవరిమీద నిలుచునో లోకరీతి మనకు తెలిసినదే. పదిమంది పేల్చినవెంటనే, వారు లేవకముందే లెక్కించినచో వెదకవలసినది పది దుప్పట్లు మాత్రమే.

ఆ బాలుడే మఱి నాలుగు దినములకు ఇంటనుండి తన అవ్వ ఆడిన వామనగుంటల పీటను తెచ్చి ఇచ్చెను. ఏడేసి చొప్పున రెండు వరుసలు, పదునాలుగు గుంటలు. వరుసలో పరుండు పదిమందికి పది గుంటలకు సుద్దతో అంకెలు వేసితిమి. మిగిలిన నాలుగింటిమీద అట్ట అంటించితిమి. ప్రతివాడును లేవకముందు తన ప్రక్కవాడు ఏరిన అయిదు ఖాళీలను తన అంకెగల గుంటలో వేయవలెను. నాలుగున్న గుంట చూడగానే తెలియును, లెక్కపెట్టనే అక్కఱలేదు. పది గుంటలును నిండినవని అధికారి చూచి, యాబది అని పుస్తకమున వ్రాసి, డబ్బాలో పోసి, పిదప తరువాతి పదిమందిని పిలుచును. ఒక్కొక్క జట్టునకు ఇందుకు పట్టు కాలము రెండు నిమిషములు. నాటినుండి మేము జల్లెడ తెప్పించినది రెండుమాఱులు మాత్రమే, రెండుమాఱులును పావుగంటలో దొరికినది. చొక్కాచేతుల నియమము పర్యవేక్షించు మాకు కూడ వర్తించుచున్నది.

ఖాళీ తూటాను నోటిదగ్గఱ పెట్టి ఈలవేయుట బాలురకు ఎవరు నేర్పిరో తెలియదు, ప్రతి శిబిరమునను ఒకడైనను చేయును. రవ్వమందునందును గుండునందును సీసము కలదు. దాని మసి గొట్టపు లోపల అంటియుండును. సీసము శరీరమున చేరినచో పిల్లల మెదడునకు హాని. కాబట్టి ఖాళీలను నోట పెట్టరాదు. ఏరినవారును, పేల్చినవారును సబ్బుతో చేతులు కడుగుకొన్న తరువాతనే వేరుసెనగలైనను ముట్టవలెను.

మఱికొందఱు జ్ఞాపకార్థము ఒక్కటి ఇంటికి తీసికొనిపోవలెనని అడుగుదురు. ఇండ్లలో దీనిని తప్పుగా తలంపరు. 1959 నాటి ఆయుధముల చట్టమునందు మందుగుండు సామగ్రి యను మాటకు చెప్పిన అర్థములో తూటా విడిభాగములును చేరియున్నవి. ఖాళీలన్నియు వచ్చిన చోటికే లెక్కతో తిరిగి పోవలెను. పొలమునగాని, కొండచరియనగాని పాతవి దొరికినచో అవి ఖాళీయో నిండో పిల్లలు తేల్చుకొనబూనక, ముట్టక, ఆ చోటు గుఱుతుపెట్టుకొని పెద్దలతో చెప్పవలెను. పెద్దలు పోలీసు ఠాణాకు తెలుపవలెను. జ్ఞాపకమునకు గుఱి కాగితము కలదు. దానిమీద పేరును తేదీయు వ్రాసి మేమే ఇచ్చుచున్నాము. తండ్రి అడిగిన ప్రశ్నకు సమాధానము దానిమీద అయిదు రంధ్రములుగా కనబడును, గుఱి తప్పనివాని కాగితమున.